పొలం ఒకరిది, పంట ఒకరిది

(2025 నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో, కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరైన ఉద్యోగి చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. మైకు కొంచెం కిందకి దించు బాబూ. ఆ, చాలు.

నన్ను పిలిచిన కుర్రాళ్లు కరపత్రంలో 'వ్యవసాయం: సవాళ్లు, అవకాశాలు' అని వేశారు. చూడగానే బ్యాంకు ట్రైనింగ్ క్లాసులు గుర్తొచ్చాయి నాకు. అక్కడా ఇదే పేరు. పొద్దుట సవాళ్లు చెప్పేవారు, భోజనాలయ్యాక అవకాశాలు చెప్పేవారు. అవకాశాల టైముకి అందరం కునుకు తీసేవాళ్లం. (నవ్వులు) అందుకని ఈ రెండింటినీ విడదీయకుండా, నాకు తెలిసిన ఒక్క సంగతే చెబుతాను. ముప్పై ఏళ్లు కౌంటరుకి అవతల కూర్చుని చూసిన సంగతి.

ముందు ఒక చిన్న పని. సొంత పొలం ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఎకరమైనా సరే, అరెకరమైనా సరే. ఊఁ... చాలామందే ఉన్నారు. దించకండి. ఈ సార్వా, అంటే ఈ వానాకాలం పంట, ఆ పొలంలో మీరే స్వయంగా చేసినవాళ్లు మాత్రం అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి.

చూశారా. నాలుగు చేతులు మిగిలాయి. మాస్టారూ, మీది కూడా దించేశారే! (నవ్వులు) ఇప్పుడు సొంత పొలం ఉన్నా లేకపోయినా, ఈ సార్వా వరి ఊడ్చినవాళ్లు ఎత్తండి. ఆ వెనకాల గోడవారన నిలబడ్డవాళ్లు, మీరూ ఎత్తండి, సిగ్గుపడకండి. ఇదిగో, ఇవండీ ఈ ఊరి పొలాన్ని పండించే చేతులు. ముందు వరసలో కుర్చీల్లో ఉన్నది పట్టాదారు పాసుపుస్తకం, వెనకాల నిలబడి ఉన్నది పంట. నేను చెప్పదలుచుకుంది ఈ కౌలు సంగతే. ఎవరినీ తప్పుపట్టడానికి అనడం లేదు. ముందు వరసలో నేనూ ఉన్నాను. ఆ మాట చివర్లో చెబుతాను.

మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఈ హాల్లో ఎవరికీ నిద్ర లేదు. అమెరికా నుంచి పిల్లలు ఫోన్లు చేశారు, 'నాన్నా, ఇల్లు ఎలా ఉంది, కొబ్బరి చెట్లు ఎలా ఉన్నాయి' అని. తెల్లారాక చేలోకి వెళ్లిందెవరు? గింజ పాలు పోసుకునే దశలో ఉన్న వరి నేలకొరిగి, నీళ్లలో పడుకుని ఉంటే, మోకాలి లోతు బురదలో దిగి నాలుగు దుబ్బులు కలిపి లేపి కట్టిందెవరు? కౌలు రైతూ, ఆయన పెళ్లామూ. తర్వాత నష్టం రాసుకోవడానికి మనుషులొచ్చారు. వాళ్ల చేతిలో ఫోను ఉంటుంది, ఫోనులో ఈ-పంట లిస్టు, అంటే ఏ చేలో ఎవరు పంట వేశారో ప్రభుత్వం రాసుకున్న లిస్టు ఉంటుంది. లిస్టులో ఎవరి పేరు ఉంటే నష్టం వారిది. పైరు పడిపోయినవాడు ఒకడు, నష్టపోయినవాడు ఇంకొకడు.

ఇది కొత్తగా ఈ ఏడు పుట్టిన సంగతి కాదండి. 1996 నవంబరు 6 తుపాను మీలో నలభై దాటినవాళ్లందరికీ గుర్తే. కోనసీమలో కొబ్బరిచెట్టు తల మిగల్లేదు. అప్పుడు నేను ఫీల్డు ఆఫీసరుని. తుపాను తర్వాత పంట రుణాలు వాయిదాలు మార్చి, మళ్లీ కొత్త అప్పు ఇవ్వమని మాకు ఆర్డర్లు వచ్చాయి. మంచి ఆర్డర్లే. నేను, ఇంకో ఇద్దరం రాత్రి పదింటి దాకా కూర్చుని కాగితాలు రాశాం. బ్రాంచి ముందు ఒకాయన మూడు రోజులు అరుగు మీద కూర్చున్నాడు. ఏడెకరాలు చేస్తాడు, పైరంతా పోయింది. 'మీ పాసుపుస్తకం ఏదండీ' అని నేను. 'పొలం నాది కాదండి, మక్తాకి చేస్తున్నాను' అని ఆయన, అంటే కౌలుకి. 'అయితే మీకు మా దగ్గర అప్పు లేదు కదా, వాయిదా దేనికి మార్చను?' అన్నాను. ఆ మాట నేను చాలా తెలివిగా అన్నాననుకున్నాను అప్పుడు. రూలు ప్రకారం కరెక్టే. ఆయన అప్పు ఎరువుల కొట్లోనూ ధాన్యం షావుకారు దగ్గరా ఉంది, నా లెడ్జర్లో లేదు. నా లెడ్జర్లో ఆ ఏడెకరాల మీద పంట రుణం ఉంది, భూమి ఆసామి పేరున. దాన్ని వాయిదా మార్చాను. ఆ ఆసామి పైరు పెట్టనేలేదు. అప్పుడాయన విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మూడో రోజు సాయంత్రం ఆయన లేచి వెళ్లిపోతూ నాతో ఏమీ అనలేదు. తిడితే బాగుండేది.

సరే, లెక్కలోకి వద్దాం. మీకు కవిత్వం కన్నా బస్తాల లెక్కే బాగా ఎక్కుతుందని తెలుసు. నిరుటి మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,300 రూపాయలు. డెబ్బై అయిదు కిలోల బస్తా 1,725. ఈ ఏడు 2,369 చేశారు, బస్తాకి యాభై రూపాయలు చిల్లర పెరిగింది. నేను నిరుటి ధరకే లెక్క వేస్తాను. ఇది ఒక ఎకరం లెక్క. మీ చేను మెరక కావచ్చు, పల్లం కావచ్చు, అంకెలు అటూఇటూ అవుతాయి. తప్పయితే అక్కడే ఆపండి.

సార్వాలో 28 బస్తాలు పండాయనుకుందాం. అందులో ఆసామికిచ్చే మక్తా 12 బస్తాలు. మిగిలింది 16. ధర కట్టితే 27,600. దమ్ము, ఆకుమడి, ఊడ్పు, ఎరువు, పురుగుమందు, కోత మిషను, మోత అన్నీ కలిపి 30,000 అనుకుంటే, సార్వాకి 2,400 నష్టం. అవునా కాదా? (ఒక గొంతు: 'ఊడ్పుకే ఆరు వేలవుతోందండి') అదీ. దాళ్వాకి, అంటే రెండో పంటకి రండి. 42 బస్తాలు, మక్తా 16, మిగిలింది 26, అంటే 44,850. ఖర్చు 32,000. మిగులు 12,850. రెండు పంటలూ కలిపి ఏడాదికి ఎకరానికి 10,450. ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి ఇందులో వేయలేదు. వేస్తే మనం ఇక్కడితో ఆపేసి ఇంటికి వెళ్లిపోవాలి.

ఇప్పుడు వడ్డీ. ఆ పెట్టుబడి ఎక్కణ్ణించి వచ్చింది? షావుకారు దగ్గర నూటికి రెండు రూపాయలు. సార్వా 30,000 మీద ఆర్నెల్లకి 3,600. దాళ్వా 32,000 మీద అయిదు నెలలకి 3,200. మొత్తం 6,800. పది వేల నాలుగువందల యాభైలో అది పోగా మిగిలేది 3,650 రూపాయలు. ఇదే పెట్టుబడి బ్యాంకులో ఏడు శాతానికి దొరికి ఉంటే వడ్డీ రెండు వేలు దాటదు. గడువులోగా కడితే నాలుగు శాతమే పడుతుంది. అంటే ఆయన చేతిలో మిగిలేది ఎనిమిది వేల పైచిలుకు. విత్తనం మారలేదు, ఎరువు మారలేదు, మద్దతు ధర మారలేదు. ఒక్క కాగితం మారితే మిగులు రెట్టింపు దాటింది. నేను ట్రైనింగుల్లో విన్న అవకాశాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

షావుకారు మీద నాకు కోపం లేదండి. అర్ధరాత్రి తలుపు కొట్టినా యూరియా కట్ట ఇచ్చేది ఆయనే, ఆస్పత్రికి డబ్బిచ్చేది ఆయనే. కానీ ఆయన అప్పుకి ఒక తాడు ఉంటుంది. పంట ఆయనకే వేయాలి. కల్లంలోంచి ఆయన లారీకే ఎక్కాలి. ప్రభుత్వం కొనుగోలు కేంద్రం పెట్టినా, తేమ 17 శాతం లోపు ఉన్నా, ఆ ధాన్యం అక్కడికి నడవదు. నడిచినా డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ-పంటలో పేరున్నవాడి ఖాతాలో. అప్పుడు కౌలు రైతు భూమి ఆసామికి ఫోన్ చేయాలి, 'బాబుగారూ, డబ్బులు పడ్డాయండి, కాస్త తీసి పంపండి' అని. మంచి ఆసామి అయితే ఆ సాయంత్రమే ఫోన్‌పే చేస్తాడు. ఇంకో రకం అయితే మక్తా పట్టుకుని, పాత బాకీ పట్టుకుని, మిగతాది దసరాకి పంపిస్తాడు.

దేశం మొత్తంలో అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాలు ఎక్కడ ఎక్కువ అని కేంద్రం 2019లో జాతీయ నమూనా సర్వే చేయించింది. ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. వందలో 93 కుటుంబాలకి అప్పుంది. సగటున ఒక్కో కుటుంబం మీద రెండు లక్షల నలభై అయిదు వేలు. దేశం సగటు 74 వేలు. తెలంగాణ మన పక్కనే, వందలో దాదాపు 92. మనం ఎక్కువ పండిస్తాం, ఎక్కువ అప్పు చేస్తాం. ఈ రెండింటికీ మధ్య కౌలు ఉంది.

మరి ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. చట్టాలకి మనకి కొరత లేదు. 1956లోనే కౌలు చట్టం వచ్చింది. 1974లో దాన్ని గట్టిచేశారు. కౌలు కాగితం మీద ఉండాలి, కనీసం ఆరేళ్లు ఉండాలి, ఆసామి పొలం అమ్మదలుచుకుంటే ముందు కౌలుదారునే అడగాలి. చదివితే ఎంత బాగుంటుందో! కానీ పల్లెలో ఏం జరిగింది? ఆసాములు భయపడ్డారు. కాగితం రాస్తే ఆరేళ్లు కదలడు, ఆపైన పొలమే నాదంటాడు అని. అందుకని కాగితమే మానేశారు. నోటిమాట మీద ఏడాదికోసారి కౌలు, మూడేళ్లకోసారి మనిషి మార్పు. కౌలుదారుని కాపాడటానికి పెట్టిన చట్టం కౌలుదారుని కాగితంలోంచి తుడిచిపెట్టింది. తెలంగాణలో రక్షిత కౌలుదారు, అంటే పొలం ఖాళీ చేయించకుండా పాత చట్టం కాపాడిన కౌలుదారు, అనే మాట ఇప్పటికీ కోర్టుల్లో తిరుగుతుంటుంది కదా, ఆ భయం ఎంత దూరం పాకిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

2011లో దారి మార్చారు. భూమి హక్కు జోలికి పోకుండా, సాగు చేస్తున్నట్టు ఒక కార్డు ఇద్దామన్నారు. ఏడాదికే. ఆసామి సంతకం అక్కర్లేదు. మన బ్యాంకులవాళ్లం ఏం చేశామో నేను చెప్పాలి కదా. కార్డు పట్టుకుని వస్తే చూసి, 'బాగుందండి, అయితే ఈ సర్వే నంబరు మీద ఆసామి ఇదివరకే పంట రుణం తీసుకున్నారు, ఒక నంబరు మీద రెండు రుణాలు కుదరవు' అని పంపించాం. పంట పెట్టనివాడికి పంట రుణం ఎలా ఇచ్చాం అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ ప్రశ్నించుకోలేదు. పంట రుణం అని రాసి ఇచ్చిన డబ్బు ఎన్నిసార్లు హైదరాబాదులో ఫ్లాటు అడ్వాన్సయిందో, ఎన్నిసార్లు అమ్మాయి పెళ్లి గొలుసయిందో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు.

అదే 2011లో ఇక్కడ ఇంకో పని జరిగింది. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పంట విరామం. కోనసీమ రైతులు సార్వా వేయం అన్నారు. దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. 1852 నుంచి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పారుతున్న నేలలో, నీళ్లుండి, దుక్కి పెట్టకుండా ఊరుకున్నారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ఢిల్లీ నుంచి టీవీలవాళ్లు వచ్చారు. కారణాలు మీకు తెలిసినవే. గుర్రపుడెక్కతో పూడుకుపోయిన మురుగు కాలువలు, కోతల వేళ తుపాన్లు, ఖర్చుకి సరిపోని ధర. అప్పుడు మద్దతు ధర క్వింటాలు 1,080. మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ ఉద్యమాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక ప్రశ్న ఆనాడు ఎవరూ గట్టిగా అడగలేదు. పొలం బీడు పెడితే ఆసామికి ఒక పంట మక్తా పోతుంది. ఊడ్పుకి వెళ్లే ఆడవాళ్లకి ఏం పోతుంది? ఆ ఏడు ఎంతమంది కువైట్ విమానం ఎక్కారో, వాళ్ల ఇళ్లవాళ్లని అడగండి. విరామం రైతు పేరున జరిగింది, మరి రైతు ఎవరు?

ఈ మాటకి కాగితం మీద జవాబు ఎప్పుడో ఉందండి. స్వామినాథన్ గారి రైతు కమిషన్ తర్వాత 2007లో కేంద్రం జాతీయ రైతు విధానం తెచ్చింది. అందులో రైతు అంటే ఎవరో రాశారు. కౌలుదారు రైతే, పాలికి, అంటే పంటలో వాటాకి చేసేవాడు రైతే, వ్యవసాయ కూలీ కూడా ఆ నిర్వచనంలో ఉన్నాడు. పద్దెనిమిదేళ్లయింది. ఆ తర్వాత వచ్చిన పథకాలు చూడండి. 2018లో తెలంగాణ రైతుబంధు ఇచ్చింది, పట్టాదారుకి. 2019లో పీఎం కిసాన్ వచ్చింది, భూమి పేరున ఉన్నవాడికి. ఇప్పుడు ప్రతి రైతుకీ ఒక నంబరు ఇస్తున్నారు, అదీ భూమి రికార్డు నుంచే పుడుతోంది. పాసుపుస్తకం తెరిచి అందులో రైతుని వెతుకుతున్నాం. పాసుపుస్తకంలో భూమి ఉంటుంది గానీ రైతు ఉండాలని ఏముంది?

2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం. దాని మీద కార్డు. కార్డుంటే పంట రుణం, నష్ట పరిహారం, బీమా, ధాన్యం డబ్బు అన్నీ సాగు చేసినవాడికి. ఆసామి హక్కుకి ఏ భంగమూ లేదని చట్టంలోనే రాశారు. అయితే ఈసారి ఆసామి సంతకం కావాలన్నారు. కథ మళ్లీ మొదటికొచ్చింది. కౌలు రైతు చేతిలో ఫారం పట్టుకుని ఆసామి గుమ్మంలో నిలబడాలి. ఆసామి ఇక్కడ లేడు, డల్లాస్‌లో ఉన్నాడు. వాళ్ల తమ్ముడు ఉన్నాడు, ఆయన 'అన్నయ్యని అడిగి చెబుతా' అంటాడు. అన్నయ్య 'ఎందుకొచ్చిన గొడవ, ఆ పొలం ఇంకెవరికైనా ఇచ్చేయ్' అంటాడు. సంతకం అడిగినందుకు కౌలే పోతుంది. అది తెలిసి ఎవడు అడుగుతాడు?

ఆసామిని దుర్మార్గుడు అనకండి. పాత కాలపు జమీందారు కాదు ఇప్పటి ఆసామి. ఎకరంన్నర ఉన్న రిటైర్డు టీచరు. భర్త పోయిన ఆవిడ, మక్తా బస్తాల మీదే ఏడాది బియ్యం. మస్కట్‌లో ఇళ్లలో పని చేసి, కూడబెట్టి, అరెకరం కొనుక్కున్న ఆవిడ, పొలం చేయడానికి తను ఇక్కడ లేదు. బెంగాల్లో 1978లో ఆపరేషన్ బర్గా అని, పద్నాలుగు లక్షల మందికి పైగా పాలికి చేసేవాళ్లని రికార్డుల్లో ఎక్కించారు. గొప్ప పని. మన కుర్రాళ్లు కొందరు అదే ఇక్కడ చేయమంటారు. ఇక్కడ ఆ కొలత సరిపోదని నా అభిప్రాయం. ఇక్కడ భయపడే ఆసామీ చిన్నవాడే, భయపడే కౌలుదారూ చిన్నవాడే. ఇద్దరి భయాన్నీ ఒకేసారి తీయాలి.

నాకు తెలిసి కౌలు జబ్బేమీ కాదండి, దొంగచాటు కౌలు జబ్బు. ఈ మాట కొంచెం విప్పుతాను, ఎందుకంటే మీరు కరపత్రంలో వేసిన అవకాశాలు ఇక్కడే ఉన్నాయి.

మా బంధువుల కుర్రాడొకడున్నాడు. డిప్లొమా చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు చేసి, కరోనాలో ఇంటికొచ్చి వెళ్లలేదు. ఇప్పుడు ముప్పై ఎకరాలు చేస్తున్నాడు, అందులో సొంతం రెండెకరాలు. పన్నెండుమంది ఆసాముల పొలాలు. ఊడ్పు మానేసి దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడర్‌తో విత్తుతాడు. కోత మిషను ముందే మాట్లాడుకుంటాడు. మందు డ్రోన్‌తో కొట్టిస్తాడు. రెండెకరాల సొంత పొలంతో వాడు ఇది చేయగలిగేవాడా? కౌలు ఉంది కాబట్టే వాడు రైతయ్యాడు. భూమి కొనడానికి వాడికి ఈ జన్మ చాలదు, మన దగ్గర ఎకరం ధర మీకు తెలుసు. పిల్లలు ఊళ్లో ఉండి సేద్యం చేయాలంటే కౌలు ఒక్కటే దారి. ఇంకా పెళ్లి కాలేదు పాపం వాడికి. సేద్యం చేసేవాడికి పిల్లనివ్వం అంటున్నారు. దానికి నా దగ్గర స్కీము లేదు. (నవ్వులు)

నేను వాణ్ని అడిగాను, 'ఒరేయ్, జీలుగ చల్లి దున్నొచ్చు కదా, నేల బాగుపడుతుంది' అని. వాడేమన్నాడో తెలుసా? 'తాతయ్యా, నేను జీలుగ వేస్తే నేల బాగుపడేది వచ్చే ఏడుకి. వచ్చే ఏడు ఆ చేను నాకిస్తారో లేదో. ఇస్తే పంట బాగుందని రెండు బస్తాలు పెంచుతారు.' ఎంత పెద్ద మాట! పదకొండు నెలల మనిషి పదకొండు నెలల ఎరువే వేస్తాడు. సంచి యూరియా చల్లితే పది రోజుల్లో పచ్చబడుతుంది. మట్టికి సత్తువ రావాలంటే మూడేళ్లు పడుతుంది. మురుగు బోదె తవ్వాలన్నా, మెరక లోతూ సరిచేయాలన్నా, దాళ్వా మానేసి మినుమో పెసరో వేసి చూడాలన్నా, మూడు నాలుగేళ్లు ఆ చేను నాదే అన్న ధీమా ఉండాలి. ప్రకృతి సేద్యం చేయమని వాళ్లకి చెప్పేవాళ్లు ముందు ఆసామికి చెప్పాలి, నాలుగేళ్ల కాగితం ఇవ్వమని. నాలుగేళ్లకి కాగితం రాసి, గడువు దాటితే ఆసామి పొలం ఆసామికి తిరిగి వచ్చే బాధ్యత ప్రభుత్వం తీసుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. 2016లో నీతి ఆయోగ్ ఇలాంటి నమూనా చట్టమే రాసి రాష్ట్రాలకి పంపింది. మంచి చెడ్డలు చర్చించుకోవచ్చు, కానీ దిశ అది.

ఇంకో సంగతి ఆడవాళ్లకి. అమ్మా, మీ డ్వాక్రా అప్పు ఎక్కడికి వెళ్తోందో నేను చెప్పనా? ఎరువుల కొట్టుకి. (నవ్వులు) బ్యాంకు కౌలు రైతుకి ఇవ్వనన్న పంట రుణం, ఆయన పెళ్లాం సంఘంలో తీసుకుని చేలో వేస్తోంది. ముప్పై ఏళ్లుగా వాయిదా తప్పకుండా కడుతున్నది మీరే. మా బ్యాంకు లెక్కల్లో మీ అంత నమ్మకమైన ఖాతా లేదు. సంఘానికి తనఖా లేకుండా ఇరవై లక్షల దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. మరి అదే సంఘం పేరున పొలం కౌలుకి తీసుకుంటే? కేరళలో కుటుంబశ్రీ అని మన డ్వాక్రా లాంటి సంఘాల ఆడవాళ్లు గుంపులుగా కౌలు సేద్యం చేస్తున్నారు. విచిత్రం ఏమిటంటే, కేరళలో 1970 నుంచి కౌలే చట్టవిరుద్ధం! చట్టం కాదన్నచోట వాళ్లు దారి చేసుకున్నారు. ఇక్కడ ఆసామి సంఘాన్ని చూసి భయపడడు. పదిమంది ఆడవాళ్లు కలిసి తన పొలం కాజేస్తారని ఎవరూ అనుకోరు కదా. నాట్లు, కలుపు, పనలు కట్టడం అన్నీ చేసేది వాళ్లే, కాగితంలో మాత్రం మొగుడి పేరు కూడా లేనప్పుడు వాళ్ల పేరెక్కడ ఉంటుంది? అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఒక పనికొచ్చే మాట, ఇది రాసుకోండి. ఈ ఏడు జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ అప్పుకి తనఖా అడగకూడదు. ఇది రిజర్వు బ్యాంకు ఆదేశం, అంతకుముందు లక్షా అరవై వేలు ఉండేది. అంటే పొలం తనఖా పెట్టక్కర్లేదు. సాగు చేస్తున్నట్టు రుజువు చాలు. బ్యాంకులో ఎవరైనా 'పాసుపుస్తకం తెండి' అంటే, మర్యాదగా, 'రెండు లక్షల లోపు తనఖా ఎందుకండీ' అని అడగండి. ఒక్కరు అడిగితే పంపేస్తారు, నాకు తెలుసు, నేనూ పంపించాను. పదిమంది కార్డులు పట్టుకుని ఒకేసారి వెళ్లండి. మేనేజరుకి టార్గెట్లు ఉంటాయి, పదిమందిని ఒకేసారి చూస్తే ఆయన కళ్లూ మెరుస్తాయి.

(సభలో ఒక పెద్దాయన లేచి: 'అన్నీ బాగానే ఉన్నాయి గానీ, సంతకం పెడితే రేపు మా పొలం మాది కాదంటే ఎవరు దిక్కు? మీరు పెట్టారా ముందు?')

కూర్చోండి బాబయ్యగారూ. ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను, ఎవరూ అడక్కపోతే నేనే చెప్పాలి, నాకు సిగ్గు.

నాకు ఎకరంన్నర ఉంది, మా నాన్నగారిది. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కౌలుకే. ఒకే కుటుంబం చేస్తోంది, తండ్రి చేశాడు, ఇప్పుడు కొడుకు. 2019లో కార్డుల చట్టం వచ్చినప్పుడు ఆ కుర్రాడు ఫారం పట్టుకొచ్చాడు. చట్టం ప్రతి నేను చదివాను, నా హక్కుకి ఇబ్బంది లేదని నాకు తెలుసు, పదిమందికి చెప్పాను కూడా. ఆ కుర్రాడితో ఏమన్నానంటే, 'వచ్చే నెల చూద్దాంలే.' ఆ నెల ఆరేళ్లు పట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వాడి పనలు నీళ్లలో మొలకలెత్తాయి. పరిహారం నా ఖాతాలో పడింది. తీసి ఇచ్చాననుకోండి. వాడు రెండు చేతులూ జోడించి తీసుకున్నాడు, నేనేదో దానం చేసినట్టు. తన డబ్బు తీసుకోవడానికి నాకు దణ్ణం పెట్టాడు. ఆ రోజు నాకు 1996లో బ్రాంచి అరుగు మీద కూర్చున్నాయన గుర్తొచ్చాడు.

అయినా వెంటనే పెట్టలేదు. ఈ జూన్‌లో పెట్టాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేసి, 'నాన్నా, ఆ కాగితం మళ్లీ ఎప్పటికి అయిపోతుంది?' అని అడుగుతున్నాడు. మే నెలాఖరుకి అయిపోతుందిరా అని చెబుతున్నాను. ఫారాలు ఆ బల్ల మీద పెట్టాను బాబయ్యగారూ, కళ్లజోడు తెచ్చుకున్నారా?